ఒకే సాంద్రత, రెండు వృద్ధి రేట్లు: పదే పదే కూలిపోయిన ఒక రోటిఫర్ కల్చర్

ఇది సముద్ర చేపల హేచరీలో లైవ్ ఫీడ్ (లార్వాలకు వేసే బతికున్న మేత) విభాగం కేసు. యూనిట్‌ను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం, అంకెలను కొంత సవరించి గుండ్రం చేశాం. జనాభా పెరుగుదల గురించి చదివినవాళ్లందరికీ భరణ సామర్థ్యం అనే మాట తెలుసు. ఒక చోట ఎన్ని జీవులు నిలదొక్కుకోగలవో చెప్పే అంకె అది. ఆ అంకె దేనివల్ల ఏర్పడుతోందో తేల్చకుండా దాన్ని పెంచాలని చూస్తే ఏమవుతుందో ఈ కేసులో స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

గుడ్డు నుంచి అప్పుడే బయటికొచ్చిన చేప లార్వా నోరు చాలా చిన్నది. మొదటి రోజుల్లో దానికి పట్టే మేత రోటిఫర్ అనే, కంటికి కనిపించీ కనిపించనంత చిన్న నీటి జీవి. ఇక్కడ పెంచుతున్నది బ్రాకియోనస్ ప్లికాటిలిస్. మామూలు పరిస్థితుల్లో ఆడజీవులు మగవాటితో పని లేకుండానే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి మళ్లీ ఆడజీవులే వస్తాయి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు పొదగడానికి సుమారు ఒక రోజు, పిల్ల ఎదిగి గుడ్డు పెట్టడానికి మరో 0.5 నుంచి 1.5 రోజులు పడుతుంది. ఆ తర్వాత దాదాపు నాలుగు గంటలకో గుడ్డు. ఇంత వేగంగా పెరిగే జీవి కాబట్టి ఒక చేప లేదా జింకల మందలో ఏళ్లు పట్టే కథ మొత్తం ఇక్కడ వారంలో జరిగిపోతుంది.

యూనిట్‌లో 500 లీటర్ల ట్యాంకులు మూడు. లవణీయత 25 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 25 భాగాల ఉప్పు), ఉష్ణోగ్రత 25 డిగ్రీలు. మేత ప్రధానంగా తాజా బేకరీ ఈస్ట్, తోడుగా కొంచెం ఆల్గే పేస్ట్. పది లక్షల రోటిఫర్లకు రోజుకు 1.5 గ్రాముల ఈస్ట్, రెండు విడతలుగా. లార్వాలకు మేత అవసరమైనప్పుడు ట్యాంకు నుంచి తోడుకోవడం, మిగతా రోజుల్లో ముట్టకుండా వదిలేయడం వాళ్ల పద్ధతి.

సమస్య

ప్రతి ట్యాంకూ ఒకేలా ప్రవర్తించేది. నాలుగు రోజులు చక్కగా పెరిగి, ఐదో రోజు పైకెక్కి, ఆరో రోజు నుంచి కూలిపోయేది. ఒక ట్యాంకు నమూనా లెక్క ఇది. సాంద్రత అంటే మిల్లీలీటరుకు రోటిఫర్లు, గుడ్ల నిష్పత్తి అంటే ఒక్కో ఆడజీవికి సగటున ఎన్ని గుడ్లు అనేది.

1వ రోజు: సాంద్రత 40, గుడ్ల నిష్పత్తి 0.55
2వ రోజు: 80, 0.52
3వ రోజు: 150, 0.42
4వ రోజు: 260, 0.20
5వ రోజు: 340, 0.08
6వ రోజు: 210, 0.05
7వ రోజు: 70, 0.10

కూలిన ట్యాంకులో సగం నీళ్లు మార్చి వదిలేస్తే మళ్లీ పెరిగేది, మళ్లీ కూలేది. ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి 9 రోజులు అటూ ఇటూ. యూనిట్ అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: 340 దగ్గర ఆగిపోతున్న సాంద్రతను 500కి తీసుకెళ్లడం ఎలా?

లెక్కింపు మీద ఒక మాట

మరే పనికైనా ముందు లెక్కింపును సరిచేయాల్సి వచ్చింది. అంతకుముందు ట్యాంకు అంచు దగ్గర ఒకే ఒక మిల్లీలీటరు తీసి లెక్కపెట్టేవారు. రోటిఫర్లు అంతటా సమానంగా ఉండవు, ఏరేషన్ (నీటిలోకి గాలి బుడగలు పంపడం) తగ్గిన మూలల్లో గుంపు కడతాయి. పైగా 300 జీవులను కదులుతుండగా లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. మార్చిన పద్ధతి ఇలా ఉంది. ట్యాంకులో మూడు చోట్ల నుంచి సమాన పరిమాణంలో తీసి కలపాలి. అందులోంచి ఒక మిల్లీలీటరును పది మిల్లీలీటర్లకు పలచన చేయాలి. ఆ పలచన ద్రవం నుంచి మూడుసార్లు ఒక్కో మిల్లీలీటరు లెక్కపెట్టాలి. ముందు కదలనివాటిని లెక్కించి పక్కన రాసుకోవాలి, ఆ తర్వాతే జీవులన్నిటినీ చంపి కదలకుండా చేసే లుగోల్ అయోడిన్ చుక్క వేయాలి. అయోడిన్ పడ్డాక బతికున్నదేదో చచ్చినదేదో తెలియదు. పిపెట్ మూతి వెడల్పుగా ఉండాలి. సన్నగా ఉంటే ఆడజీవులకు అంటుకున్న గుడ్లు రాలిపోతాయి, కాబట్టి రాలిన గుడ్లను కూడా లెక్కలో కలపాలి.

ఒకసారి లెక్కలో 30 జీవులు వస్తే, యాదృచ్ఛికత వల్లనే 18 శాతం అటూ ఇటూ తేడా ఉంటుంది. మూడు లెక్కలు కలిపి 90 దాటితే ఆ తేడా 10 శాతానికి దిగుతుంది. రోజుకు 20 శాతం మార్పును చూసి నిర్ణయం తీసుకోవాల్సిన చోట ఈ తేడా చిన్నది కాదు.

ముందు ప్రయత్నించినవి, అవి ఎందుకు ఫలించలేదు

మొదటి ప్రయత్నం మేత పెంచడం. జీవులు పెరగడం ఆగిందంటే తిండి చాలలేదనే ఆలోచన ఎవరికైనా ముందు వస్తుంది. పది లక్షలకు 2.5 గ్రాముల ఈస్ట్ ఇచ్చారు. శిఖరం 310కి తగ్గింది, అదీ ఒకరోజు ముందే వచ్చింది, పతనం ఇంకా నిటారుగా ఉంది. ట్యాంకు నిండా సీలియేట్లు (సన్నని పోగులతో ఈదే ఏకకణ జీవులు) కూడా చేరాయి. నిజానికి ఈ ప్రయోగం అవసరం లేకుండానే ఆ ఊహను గంటలో పరీక్షించవచ్చు. తిండి చాలకపోతే తర్వాతి మేత వేళకు ముందే నీరు తేటపడుతుంది, సూక్ష్మదర్శిని కింద రోటిఫర్ల పొట్టలు ఖాళీగా కనిపిస్తాయి. ఈ ట్యాంకుల్లో ఐదో రోజున నీరు మబ్బుగానే ఉంది, పొట్టలు నిండుగా ఉన్నాయి. తిండి ఎదురుగా ఉన్నా గుడ్లు పెట్టడం మానేశాయి.

సీలియేట్లను చూసి అవే దోషులనుకుని, 50 మైక్రాన్ల మెష్ మీద రోటిఫర్లను కడిగి తిరిగి వేశారు. రెండు రోజులు మెరుగు కనిపించింది. కడిగేటప్పుడు నీరు కూడా మారిపోయిందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సీలియేట్లు మేత పంచుకుంటాయి, నిజమే. కానీ రోటిఫర్లు కుంటుపడ్డ ట్యాంకులోనే అవి ఎక్కువగా పెరుగుతాయి, అంటే అవి కారణం కంటే లక్షణం అయ్యే అవకాశమే ఎక్కువ.

తర్వాత ఏరేషన్. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3.8 మిల్లీగ్రాములు ఉంది. రోటిఫర్లు 2 మిల్లీగ్రాముల దగ్గర కూడా తట్టుకుంటాయి కాబట్టి ఇది అడ్డంకి కావడానికి ఆధారం బలహీనం. అయినా గాలి పెంచడం చవక, తేలిక, కాబట్టి పెంచారు. ఆక్సిజన్ 6.1కి చేరింది. కల్చర్ అంతకుముందు కంటే త్వరగా కూలిపోయింది. ఇది అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కేసు మొత్తాన్ని విప్పింది ఈ ఫలితమే.

నాలుగో ప్రయత్నంగా బయటి నుంచి కొత్త రోటిఫర్ స్టాక్ తెచ్చారు. పాత స్టాక్ బలహీనపడిందన్నది అనుమానం. కొత్త స్టాక్ శుభ్రమైన నీటిలో తక్కువ సాంద్రతతో మొదలైంది, నాలుగు రోజులు అద్భుతంగా పెరిగింది, ఐదో రోజు పాత దారే పట్టింది. ఏ స్టాక్‌ను అలా మొదలుపెట్టినా ఆ నాలుగు రోజులు అలాగే ఉంటాయి. జనాభా పనుల్లో ఎక్కువ మందిని దారి తప్పించేది ఇలాంటి తాత్కాలిక విజయమే.

సాంద్రత పెరిగితే ఈ జాతి లైంగిక ప్రత్యుత్పత్తికి మారి, విశ్రాంతి గుడ్లు (వెంటనే పొదగకుండా నిద్రాణంగా ఉండేవి) పెడుతుంది. అదే జరుగుతోందేమోనని చూశాం. మగజీవులు అరుదుగా, విశ్రాంతి గుడ్లు ఒకటీ అరా కనిపించాయి. ఈ దారి మూసేశాం.

లెక్కలు ఏం చెప్పాయి

1838లో బెల్జియం గణితవేత్త వెర్‌హుల్‌స్ట్ రాసిన లాజిస్టిక్ సమీకరణంలో ఒక సాదా భావం ఉంది: ఒక్కో జీవికి లెక్కేస్తే వచ్చే వృద్ధి రేటు, సాంద్రత పెరిగేకొద్దీ సరళరేఖలో తగ్గుతుంది, భరణ సామర్థ్యం దగ్గర సున్నా అవుతుంది. దీన్ని పరీక్షించడం సులభం. రేపటి సాంద్రతను ఇవాళ్టి సాంద్రతతో భాగించి సహజ లాగరిథం తీసుకుంటే రోజువారీ వృద్ధి రేటు వస్తుంది. పై పట్టికలో అవి వరసగా 0.69, 0.63, 0.55, 0.27, తర్వాత మైనస్ 0.48, మైనస్ 1.10.

వీటిని ఆయా రోజుల సగటు సాంద్రతకు ఎదురుగా గీస్తే మొదటి మూడు బిందువులు దాదాపు ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీతను పొడిగిస్తే సున్నాను తాకేది దాదాపు 770 దగ్గర. అంటే తొలి రోజుల ప్రవర్తనను బట్టి ఈ నీటిలో 770 వరకు వెళ్లాలి. నాలుగో బిందువు గీత నుంచి కిందికి జారింది. ఐదోది అసలు విషయం చెప్పింది. పైకి వెళ్లేటప్పుడు 300 సాంద్రత దగ్గర వృద్ధి రేటు ప్లస్ 0.27. దిగేటప్పుడు 275 దగ్గర మైనస్ 0.48. రద్దీ దాదాపు ఒకటే, ఫలితం పూర్తిగా వేరు.

రద్దీ ఒక్కటే కారణమైతే ఇలా జరగదు. ఒకే సాంద్రతకు రెండు వృద్ధి రేట్లు కనిపించాయంటే, ఈ రెండు రోజుల మధ్య నీటిలో ఏదో పోగైంది లేదా ఏదో అయిపోయింది. మేత అయిపోలేదని ముందే తేలింది. కాబట్టి పోగైనదాన్ని వెతకాలి. జీవుల సంఖ్య ఒక్కసారి తగ్గగలదు గానీ, అవి వదిలిన వ్యర్థం నీటిలోనే ఉంటుంది.

ఇది కొత్త సంగతేం కాదు. 1930ల్లో రష్యన్ జీవశాస్త్రవేత్త గాస్ ఈస్ట్ కల్చర్లపై చేసిన ప్రయోగాల్లో చక్కెర ఇంకా మిగిలి ఉండగానే పెరుగుదల ఆగింది. ఆపింది ఆ ఈస్టే తయారు చేసిన ఆల్కహాలు.

ఆలస్యం సంగతి

శిఖరం నుంచి శిఖరానికి 9 రోజులు అన్న వివరానికి కూడా అర్థం ఉంది. 1948లో జీవావరణ శాస్త్రవేత్త హచిన్సన్ లాజిస్టిక్ సమీకరణంలోకి ఆలస్యాన్ని తెచ్చాడు: జనాభా ఇప్పటి రద్దీకి కాదు, కొంత కాలం కిందటి రద్దీకి స్పందిస్తే? అప్పుడు ఫలితం వృద్ధి రేటును ఆలస్యంతో గుణించగా వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. ఆ అంకె 0.37 లోపు ఉంటే జనాభా మెల్లగా వెళ్లి కుదురుకుంటుంది. 0.37కూ 1.57కూ మధ్య ఉంటే హద్దు దాటి, ఊగి, క్రమంగా సర్దుకుంటుంది. 1.57 దాటితే ఊగుతూనే ఉంటుంది. ఊగే కాలం ఆలస్యానికి నాలుగైదు రెట్లు.

9 రోజుల ఊగిసలాట అంటే ఆలస్యం సుమారు 2 రోజులు. గుడ్డు పొదగడానికి ఒక రోజు, పిల్ల ఎదగడానికి మరో రోజు, సరిగ్గా సరిపోతోంది. తక్కువ సాంద్రత దగ్గర వృద్ధి రేటు 0.7, ఆలస్యం 2 రోజులు, లబ్ధం 1.4. అంటే ఊగిసలాట చల్లారే వైపే ఉన్నా, చల్లారడం చాలా నెమ్మది. సగం నీళ్లు మార్చడం లాంటి ప్రతి కుదుపూ దాన్ని మళ్లీ మొదలుపెడుతుంది. 1954లో కీటక శాస్త్రవేత్త నికల్సన్ ప్రచురించిన ఈగల ప్రయోగాల్లో కూడా పెద్ద ఈగలకు మేత పరిమితం చేసినప్పుడు ఇలాంటి ఎగుడుదిగుళ్లే వచ్చాయి. అక్కడా కారణం గుడ్డు పెట్టే రోజుకూ కొత్త తరం తిండికి పోటీ పడే రోజుకూ మధ్య ఉన్న ఎడమే.

పనికొచ్చే మాటలో చెప్పాలంటే, సాంద్రతను మాత్రమే చూస్తున్నవాళ్లు రెండు రోజుల కిందటి ఆరోగ్యాన్ని చూస్తున్నారు. పట్టికలో నాలుగో రోజు చూడండి. సాంద్రత 150 నుంచి 260కి ఎగబాకింది, అందరూ సంతోషించారు. గుడ్ల నిష్పత్తి అదే రోజు 0.42 నుంచి 0.20కి పడిపోయింది. ట్యాంకు అప్పటికే చెడింది, ముందు పెట్టిన గుడ్లు పొదగడం వల్ల సంఖ్య పెరుగుతోంది, అంతే.

అనుమానం నుంచి నిర్ధారణకు

పోగయ్యేవాటిలో మొదటి అనుమానం అమోనియా. ఐదో రోజున మొత్తం అమోనియా నైట్రోజన్ లీటరుకు 14 మిల్లీగ్రాములు వచ్చింది. ఇది నమ్మదగ్గదేనా అని మేత వైపు నుంచి సరిచూశాం. ఐదు రోజుల సాంద్రతలు కలిపితే లీటరుకు 8.7 లక్షల రోటిఫర్-రోజులు (ఒక రోటిఫర్ ఒక రోజు ఉంటే ఒకటి). వాటికి వేసిన తాజా ఈస్ట్ లీటరుకు 1.3 గ్రాములు. తాజా ఈస్ట్‌లో పొడి పదార్థం 30 శాతం, అందులో నైట్రోజన్ సుమారు 7.5 శాతం. అంటే లీటరుకు 29 మిల్లీగ్రాముల నైట్రోజన్ నీటిలో పడింది. అందులో సగం అమోనియాగా తేలడం, మిగతాది రోటిఫర్ల శరీరాల్లో, తినని ఈస్ట్‌లో, అడుగు మడ్డిలో ఉండటం సహజం.

అయితే యూనిట్ కూడా అమోనియా కొలుస్తూనే ఉంది. మొత్తం అమోనియాను చూసి ఊరుకోవడమే వాళ్ల పొరపాటు. నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అయాన్ రూపం అంతగా హాని చేయదు. అయాన్ కాని రూపం కణపొరల గుండా లోపలికి దూరుతుంది, విషం అదే. ఏది ఎంత అన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. ఈ లవణీయత, ఉష్ణోగ్రతల దగ్గర పీహెచ్ 7.2లో విష రూపం వాటా 0.75 శాతం, 8.1లో 5.7 శాతం, 8.3లో 8.7 శాతం. కాబట్టి అదే 14 మిల్లీగ్రాములు 7.2 దగ్గర 0.1 మిల్లీగ్రాము విషం, 8.1 దగ్గర 0.8, 8.3 దగ్గర 1.2.

ఏరేషన్ పెంచితే ఎందుకు చెడిందో ఇక్కడ తెలిసింది. రోటిఫర్లు, బాక్టీరియా శ్వాసించి వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటి పీహెచ్‌ను దించుతుంది. బలంగా గాలి కొడితే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ 8.1 నుంచి 8.3కి లేచింది. అవసరం లేని ఆక్సిజన్ కోసం విషాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకున్నారు.

ఇంతవరకు ఇది బలమైన కథే, నిరూపణ కాదు. అందుకే సీసాల పరీక్ష పెట్టాం. నీటి తప్పు, జీవుల తప్పు, రద్దీ తప్పు అనే మూడింటినీ విడదీయడం దీని పని. 200 మిల్లీలీటర్ల సీసాలు, ఒక్కో పరిస్థితికి మూడు, అన్నిటిలోనూ మొదటి సాంద్రత 20, అన్నిటికీ ఒకే ఆల్గే మేత, 25 డిగ్రీలు, 48 గంటలు. సాంద్రత 20 పెట్టడంతో రద్దీ లెక్కలోంచి తప్పుకుంది. పాత నీరు గాలి పెంచిన ట్యాంకులోంచి ఐదో రోజున తీసి వడకట్టినది. కృత్రిమ అమోనియాకు లీటరు నీటిలో 5.34 గ్రాముల అమోనియం క్లోరైడ్ కలిపిన చిక్కటి ద్రావణం చేసుకుని, సీసాకు 2 మిల్లీలీటర్లు వేస్తే లీటరుకు 14 మిల్లీగ్రాముల నైట్రోజన్ అవుతుంది. పీహెచ్‌ను 12 గంటలకోసారి కొలిచి సరిదిద్దాలి. వదిలేస్తే పరీక్ష మధ్యలోనే జారిపోయి ఫలితం అర్థం లేకుండా పోతుంది.

రోజువారీ వృద్ధి రేట్లు ఇలా వచ్చాయి.

కొత్త నీరు, ఆరోగ్యంగా ఉన్న రోటిఫర్లు: 0.68
కొత్త నీరు, కూలుతున్న ట్యాంకు రోటిఫర్లు: మొదటి రోజు 0.30, రెండో రోజు 0.62
పాత నీరు, పీహెచ్ 8.3, ఆరోగ్యంగా ఉన్నవి: మైనస్ 0.05
పాత నీరు, పీహెచ్ 7.2కి దించి, ఆరోగ్యంగా ఉన్నవి: 0.50
కొత్త నీరు, అమోనియా 14, పీహెచ్ 8.3: 0.08
కొత్త నీరు, అమోనియా 14, పీహెచ్ 7.2: 0.60

రెండో వరస స్టాక్‌ను నిర్దోషిగా తేల్చింది. మూడు, నాలుగు వరసల తేడా పీహెచ్ ఒక్కటే, అదే చాలావరకు రోగాన్ని తీసేసింది. ఐదో వరస పాత నీటి ప్రభావాన్ని అమోనియాతోనే దాదాపు తిరిగి సృష్టించింది. నాలుగో వరసలోని 0.50కీ ఆరో వరసలోని 0.60కీ మధ్య మిగిలిన తేడా చూస్తే, పాత నీటిలో అమోనియా కాక ఇంకేదో కొంచెం ఉందని అనిపిస్తుంది. కరిగిన సేంద్రియ పదార్థం కావచ్చు. దాని వెంట పడలేదు, ఎందుకంటే నీరు మార్చే ఏ పరిష్కారమైనా దాన్నీ కలిపి తీసేస్తుంది.

పని చేసింది

మూడు ట్యాంకులున్నాయి కాబట్టి పరిష్కారాన్ని కూడా విడదీసి చూశాం. మేతను మూడింటిలోనూ పది లక్షలకు 1 గ్రాముకు తగ్గించి, పంపుతో రోజుకు 12 విడతలుగా ఇచ్చాం. ఒకేసారి పడ్డ ఈస్ట్‌లో తినని భాగం కుళ్లి అమోనియాగా మారుతుంది.

మొదటి ట్యాంకులో రోజూ 25 శాతం హార్వెస్ట్ చేసి (రోటిఫర్లతో సహా నీటిని తీసి), అంత కొత్త నీరు పోశాం, పీహెచ్‌ను ముట్టుకోలేదు. రెండోదానిలో పీహెచ్ 7.4 దగ్గర పట్టి ఉంచాం, హార్వెస్ట్ లేదు. మూడోదానిలో రెండూ చేశాం.

మొదటి ట్యాంకు కూలలేదు, కానీ 230 దగ్గరే ఉండిపోయింది, గుడ్ల నిష్పత్తి 0.2 చుట్టూ తచ్చాడింది. రెండోది ఎనిమిదో రోజుకు 560 వరకు వెళ్లి అందరికీ ఆశ కల్పించి, తర్వాత పాతవాటికంటే ఘోరంగా కూలింది. పీహెచ్ దించడం విషాన్ని దాచింది గానీ తీసేయలేదు, ఆ లోగా నీటిలో మిగతా చెత్త కూడా పేరుకుంది. మూడో ట్యాంకు 380 నుంచి 420 మధ్య 40 రోజులు నిలబడింది. పరిశీలన అక్కడితో ఆపాం.

ఎందుకు 25 శాతం? లాజిస్టిక్ లెక్కలో వృద్ధి రేటు 0.7 పెట్టి, రోజుకోసారి హార్వెస్ట్ చేస్తే ట్యాంకు ఎక్కడ స్థిరపడుతుందో గణించవచ్చు. రోజుకు 20 శాతం తీస్తే హార్వెస్ట్‌కు ముందు సాంద్రత భరణ సామర్థ్యంలో 75 శాతం, రోజు దిగుబడి 15 శాతం. 25 శాతం తీస్తే 67, 17. 30 శాతం తీస్తే 58, 17. 40 శాతం తీస్తే 34, 14. 50 శాతం తీస్తే సాంద్రత ఒక శాతం, అంటే ట్యాంకు కడిగేసినట్టే. 25కీ 30కీ దిగుబడి దాదాపు సమానం. వృద్ధి రేటు ఏదో కారణంతో ఒకరోజు 0.6కి పడినా 25 ఆదుకుంటుంది, 30 దగ్గర ఆ వెసులుబాటు తక్కువ. గరిష్ఠ దిగుబడి బిందువు మీదే కూర్చోవడం కంటే దానికి కొంచెం సురక్షితమైన వైపు ఉండటం మేలనిపించింది.

హార్వెస్ట్ వల్ల ఇంకో లాభం ఉంది. భరణ సామర్థ్యంలో 67 శాతం దగ్గర పట్టి ఉంచితే ఇందాక చెప్పిన 1.4 అనే లబ్ధం కూడా అదే నిష్పత్తిలో 0.94కి దిగుతుంది. ఊగిసలాట త్వరగా చల్లారుతుంది. గుడ్డు పొదిగే సమయాన్ని మార్చలేం, కానీ జనాభాను హద్దుకు దూరంగా ఉంచి ఆ ఆలస్యం చేసే హానిని తగ్గించగలం.

హార్వెస్ట్ ఒక్కటే ఎందుకు చాలలేదో కూడా లెక్కే చెబుతుంది. 400 సాంద్రత దగ్గర లీటరుకు రోజుకు సుమారు 4 మిల్లీగ్రాముల అమోనియా నైట్రోజన్ చేరుతుంది. రోజూ పావు వంతు నీరు మారుస్తుంటే అది 16 దగ్గర స్థిరపడుతుంది. పీహెచ్ 8.1లో ఇది 0.9 మిల్లీగ్రాముల విషం, 7.4లో 0.2. కాబట్టి 400 కావాలంటే పీహెచ్ తప్పదు. పీహెచ్ వద్దనుకుంటే సాంద్రతే తగ్గి, అమోనియాను తనకు తట్టుకోగల స్థాయికి తెచ్చుకుంటుంది. మొదటి ట్యాంకు చేసింది అదే.

పీహెచ్ దించే తీరులో జాగ్రత్త కావాలి. ముందు గాలి తగ్గించి ఆక్సిజన్‌ను 4 దగ్గరికి తెచ్చాం. నీటిలో నిలిచిన కార్బన్ డయాక్సైడే పీహెచ్‌ను కొంతవరకు దించింది. మిగతాదాని కోసమే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గాలి బుడగలు బలంగా లేచే చోట చుక్కలుగా వేశాం, గంటకు 0.1 కంటే ఎక్కువ దించకుండా. గాలి తగ్గించకుండా ఆమ్లం పోస్తూ పోతే పీహెచ్ తిరిగి లేస్తూనే ఉంటుంది, నీటి క్షారత (ఆమ్లం పడినా పీహెచ్‌ను నిలబెట్టే గుణం) కరిగిపోతుంది. క్షారత బాగా పడిపోయాక పీహెచ్ ఒక్క చుక్కకే ఎటైనా దూకుతుంది. పీహెచ్ ప్రోబ్‌ను రోజూ బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో) సరిచూడాలి, ఈస్ట్ పొర పట్టిన ప్రోబ్ తప్పుడు అంకె చూపిస్తుంది. ఇక్కడ ఒకసారి అలాగే 0.3 తేడా వచ్చింది, గుడ్ల నిష్పత్తి తగ్గడం వల్లనే అది పట్టుబడింది.

అడుగు మడ్డిని కూడా రోజూ తీశాం. గాలి పది నిమిషాలు ఆపితే మడ్డి కూర్చుంటుంది, దాన్ని అడుగు వాల్వ్ నుంచి వదిలి, ఆ తర్వాత హార్వెస్ట్. ఈ క్రమం తిరగబడితే మడ్డి మెష్ మీదికి వచ్చి రోటిఫర్లతో కలిసి లార్వా ట్యాంకులోకి వెళ్తుంది.

దిగుబడి విషయంలో యూనిట్‌కు ఒక మాట నిజాయితీగా చెప్పాల్సి వచ్చింది. 500 లీటర్లకు రోజుకు 5 కోట్ల రోటిఫర్లు వస్తున్నాయి. పాత ట్యాంకునే శిఖరం రోజున పూర్తిగా ఖాళీ చేసి, శుభ్రం చేసే రోజుతో కలిపి ఐదు రోజుల బ్యాచ్‌గా నడిపినా, విత్తన స్టాక్ పోను రోజుకు 3 కోట్లు వచ్చేవి. అందులో పీహెచ్ నియంత్రణ, ఆమ్లం ఏవీ అక్కర్లేదు. రోజూ చూసే మనిషి లేని చోట ఆ బ్యాచ్ పద్ధతే మెరుగు. ఈ యూనిట్‌కు రోజూ సమానంగా మేత కావాలి కాబట్టి నిరంతర పద్ధతి ఎంచుకున్నాం.

ఈ కేసు నుంచి పట్టుకెళ్లదగ్గవి

ఏ జనాభా పెరగడం ఆగినా ముందు ఒక్కో జీవి వృద్ధి రేటును సాంద్రతకు ఎదురుగా గీయాలి, ఎక్కేటప్పటి బిందువులు, దిగేటప్పటి బిందువులు వేర్వేరు రంగుల్లో. రెండూ ఒకే గీత మీద పడితే రద్దీకి స్పందన వెంటనే జరుగుతోందన్నమాట: తిండి వాటా, చోటు, పరస్పర ఆటంకం. విడిపోతే రెండే అవకాశాలు: ఏదో పోగవడమో అయిపోవడమో ఒకటి, ఆలస్యంగా స్పందించడం ఇంకొకటి. ఇక్కడ రెండూ ఉన్నాయి. ఈ గీత గీయడానికి పది నిమిషాలు పడుతుంది. గీయకుండా చేసిన నాలుగు మార్పులకు నెలలు పోయాయి.

అడ్డుపడుతున్న అంశాన్ని తొలగించడం మొదలుపెట్టాక, రెండో వరసలో ఉన్నది ముందుకొస్తుంది. పీహెచ్ ఒక్కటే సరిచేసిన ట్యాంకు 560 దగ్గర ఇంకో గోడను గుద్దుకుంది. కాబట్టి భరణ సామర్థ్యం ఎంత అని అడిగినప్పుడు ఏ పీహెచ్‌లో, ఎంత నీటి మార్పిడితో, ఏ మేతతో అని పక్కనే రాసుకోకపోతే ఆ అంకె వేరే ట్యాంకుకు పనికిరాదు.

రోజువారీ నిర్ణయాలకు ఈ యూనిట్ ఇప్పుడు సాంద్రత కంటే ముందు గుడ్ల నిష్పత్తిని చూస్తోంది. అది 0.30 కంటే కిందికి దిగితే ఆ రోజు హార్వెస్ట్‌ను 35 శాతానికి పెంచి మేత ఐదో వంతు తగ్గిస్తారు. సంఖ్య పడిపోతున్నప్పుడు మరింత తీయడం మొదట సిబ్బందికి మింగుడు పడలేదు. కానీ ఆ సమయంలో నీరు మార్చే మార్గం అదొక్కటే, మిగిలిన జీవులకు దొరికే నీరు శుభ్రమవుతుంది. వరసగా రెండు రోజులు 0.15 కంటే తక్కువ ఉంటే ట్యాంకును నిలబెట్టే ప్రయత్నం చేయరు. మొత్తం వడకట్టి, కడిగి, కొత్త నీటిలో 40 సాంద్రతతో మళ్లీ మొదలుపెడతారు. సీసాల పరీక్షలో రెండో వరస చెప్పింది గుర్తుండే ఉంటుంది: ఒక రోజు గడిస్తే అవి కోలుకుంటాయి.

ఎండలు ముదిరి నీరు 28 డిగ్రీలకు చేరిన వారం నుంచి ఈ అంకెలన్నీ మళ్లీ వేయాలి. వెచ్చదనం వృద్ధి రేటును పెంచుతుంది, గుడ్డు పొదిగే కాలాన్ని తగ్గిస్తుంది, అదే పీహెచ్ దగ్గర విష రూప అమోనియా వాటాను కూడా పెంచుతుంది. మూడూ ఒకేసారి కదులుతాయి కాబట్టి 7.4 అనే లక్ష్యాన్ని 7.2కి దించి, వారం పాటు గుడ్ల నిష్పత్తిని రోజుకు రెండుసార్లు లెక్కపెట్టమని యూనిట్‌కు రాసి ఇచ్చాం.